‘ఊఁ’ వినిపించని గది: యూసుఫ్‌గూడలో ఒక పాడ్‌కాస్ట్ స్టూడియో

మేము భార్యాభర్తలం కలిసి హాస్య వీడియోలు తీయడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. వాటికి తోడుగా వారానికొక పాడ్‌కాస్ట్ చేయడం మొదలై రెండేళ్ళు కావస్తున్నది. ఇంతకాలమూ మా స్టూడియో హైదరాబాద్‌లో, చిక్కడపల్లిలోని మా అద్దె ఇంటి పడకగదే. గడచిన మూడు నెలల్లో రెండుసార్లు మాత్రం, యూసుఫ్‌గూడ మెట్రో స్టేషన్ నుంచి ఆరేడు నిమిషాల నడకలో ఉన్న ఒక పాడ్‌కాస్ట్ స్టూడియోను గంటల లెక్కన అద్దెకు తీసుకుని అక్కడ రికార్డు చేశాము. మావంటి పని చేసే జంటలు నగరంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు గనుక, వారిలో ఎవరైనా అడ్వాన్సు కట్టే ముందు చదువుకుంటారని ఈ సమీక్ష రాస్తున్నాను. స్టూడియో పేరు రాయడం లేదు. మొదటిసారి జరిగిన పొరపాటును వాళ్ళు వాదనకు దిగకుండా ఒప్పుకున్నారు. పైగా నేను చెప్పబోయే లోపం ఇటువంటి గదులు చాలావాటిలో ఉండేదే.

ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో ముందు చెప్పాలి. ‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం’ అన్న సామెతను మా వారు ప్రతి మూడో ఎపిసోడ్‌లోనూ వాడుతుంటారు; అందులో మొదటి సగం మాత్రం నిజమే. నిజానికి ధ్వని విషయంలో మా పడకగది చెడ్డదేమీ కాదు. పరుపు, బొంతలు, తలుపులు బార్లా తీసిపెట్టిన బట్టల బీరువా కలిసి ప్రతిధ్వనిని బాగానే మింగేస్తాయి. ఇబ్బందల్లా గోడ అవతలి నుంచి వస్తుంది. పదింటికి ఉల్లిగడ్డల ఆటో మైకు, పదకొండింటికి పాత ఇనుము కొనే బండి, పైవాటా వారి మిక్సీ, ఇవేవీ లేని క్షణం చూసుకుని మా కుక్కర్ విజిల్. వేసవిలో ఫ్యాను ఆపి నలభై నిమిషాలు నవ్వుతూ మాట్లాడటం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. రెండు నిమిషాల వీడియోలకు ఇవన్నీ అడ్డు కావు, ఒక్కోసారి కుక్కర్ విజిలే హాస్యానికి అందివస్తుంది కూడా. గంటసేపు చెవిలో పెట్టుకుని వినే కార్యక్రమానికి మాత్రం అదే విజిల్ తలనొప్పి.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర నీలం లైనుకు మారి యూసుఫ్‌గూడలో దిగాము. సినిమా వాళ్ళ సామాను అద్దెకిచ్చే దుకాణాలున్న కృష్ణానగర్ పక్కనే కావడం వల్ల ఈ ప్రాంతంలో లైటు స్టాండు విరిగినా, బ్యాటరీ మరచిపోయినా అరగంటలో ఇంకొకటి దొరుకుతుంది. ఈ సౌకర్యాన్ని ఎవరూ ధరల పట్టికలో రాయరుగానీ, లెక్కలోకి తీసుకోదగినదే.

అద్దె గంటకు 1,800 రూపాయలు. కనీసం రెండు గంటలు తీసుకోవాలి. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 4,248 రూపాయలు అవుతుంది. బయటినుంచి చూసేవారికి ఇది పెద్ద మొత్తంగా అనిపించకపోవచ్చు. కానీ యూట్యూబులో ప్రకటనల ఆదాయం రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది చందాదారులు ఉండి, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ సమయమో, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలో రావాలి. ఆ గడప దాటిన తరువాత కూడా నిడివైన వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం, షార్ట్స్‌లో ఛానెల్ వంతుకు వచ్చినదానిలో 45 శాతమే మన చేతికి అందుతుంది. మా సంపాదనలో పెద్ద భాగం రెండు నిమిషాల వీడియోలకు వచ్చే స్పాన్సర్ల నుంచి వస్తుంది; పాడ్‌కాస్ట్ ఇంకా దాని ఖర్చులు అది తెచ్చుకునే వయసుకు రాలేదు. అందువల్ల నెలకు నాలుగు ఎపిసోడ్లూ అక్కడే చేయడం మా వల్ల కాదు. ఒక్కపూటలో రెండు ఎపిసోడ్లు ముగించుకుని రావడమే గిట్టుబాటయ్యే మార్గమని ముందే తేల్చుకుని వెళ్ళాము.

గది సుమారు పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు ఉంటుంది. ఒక గోడకు చెక్క పట్టీలు, ఒక గోడకు నియాన్ అక్షరాలు, మిగతా రెండు గోడలకు నల్లని నురుగు పలకలు. ఈ నురుగు పలకల మీద నాకు పెద్ద గౌరవం లేదు. అంగుళం మందాన ఉండే నురుగు, స్వరంలోని సన్నని శబ్దాలను మాత్రమే పీల్చుకుంటుంది. మగగొంతులోని బరువైన కింది స్వరాలు గోడకు కొట్టుకుని తిరిగి వస్తూనే ఉంటాయి. ఆ కారణంగా మా వారి గొంతు ఆ గదిలో కొంచెం డబ్బాలోంచి వచ్చినట్లు వినిపించింది. నాలుగంగుళాల మందం గల రాక్‌వూల్ (రాతి నార) పలకలు మూలల్లో పెట్టి ఉంటే ఈ సమస్య చాలావరకు తగ్గేది. బయటి రొద మాత్రం పూర్తిగా ఆగింది, అది ఒప్పుకోవాలి. తలుపు వేయగానే చెవులు మూసుకున్నట్లయింది. ఆరేళ్ళలో మొదటిసారి మా ఇద్దరి ఊపిరి మాకు వినబడింది.

మైకుల సంగతికి వస్తే, పాడ్‌కాస్టర్ల బల్లల మీద ఎక్కడ చూసినా కనిపించే ష్యూర్ ఎస్ఎం7బి మైకులు రెండు, మోచేతిలా వంగే కడ్డీలకు బిగించి ఉన్నాయి. ఇది డైనమిక్ మైకు. ఎదుటి నుంచి దగ్గరగా వచ్చే స్వరాన్ని పట్టుకుంటుంది, గది శబ్దాన్ని పెద్దగా పట్టించుకోదు. బదులుగా నోటికి జానెడు దూరంలోనే ఉండాలని పట్టుబడుతుంది. ఇంటర్వ్యూలకు ఇది దివ్యమైన మైకు. ముఖంతో నవ్వించవలసినవారికి మాత్రం నోటి ముందు పిడికిలంత నల్లని దిమ్మ అడ్డుగా ఉండటం బాధే. నేను పెదవి విరిచిన సంగతి కెమెరాకు తెలియకపోతే నా పనిలో సగం వృథా. అందుకని కాలరుకు పెట్టుకునే మైకు అడిగాము. ఇచ్చారు. అది పెట్టుకున్న పది నిమిషాలకు, హెడ్‌ఫోన్లలో వింటున్న కుర్రాడు లోపలికి వచ్చి, “అక్కా, ఏదో టిక్కు టిక్కుమంటున్నది” అన్నాడు. చూస్తే నా నల్లపూసల గొలుసు. తల తిప్పినప్పుడల్లా ఒక్కొక్క పూసా మైకుకు తగులుతున్నది. చీర కొంగు రాపిడి వేరు. గొలుసు తీసి పర్సులో పెట్టుకోవలసి వచ్చింది. ఆ ఎపిసోడు విడుదలైన నాడు మా అత్తగారు మొదట గమనించింది మా హాస్యాన్ని కాదు, నా బోసి మెడను. చివరికి మళ్ళీ కడ్డీ మైకులకే వచ్చి, వాటిని గడ్డం కింది నుంచి పైకి చూసేటట్లు వంచుకున్నాము. అలా చేస్తే స్వరం కొంచెం పలచబడుతుంది, ముఖం మాత్రం దక్కుతుంది.

అసలు కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. మా కార్యక్రమం పద్ధతి చాలా సాదాసీదాది. మా వారు ఏదో ఒక ఘనకార్యం చెప్పుకుంటూ పోతారు, నేను పక్కన కూర్చుని ఊఁ కొడతాను. ఆ ఊఁలు పలు రకాలు. నమ్మినప్పటి ఊఁ వేరు, నమ్మనప్పటి ఊఁ వేరు, ‘ఇంటికి పద, చెబుతాను’ అనేది వేరు. మొదటి రోజు ఆయన చెప్పిన కథ, మోండా మార్కెట్‌లో గోంగూర కట్టలు బేరమాడి సగం ధరకు తెచ్చిన వైనం. తెచ్చింది చుక్కకూర. ఆ ముక్క నేను చెప్పను, ఆయన తన బేరం తెలివిని వర్ణిస్తున్నంతసేపూ తగ్గుస్వరంతో ఊఁ, ఊఁ అంటూ పోతాను, ఆయన చివరికి తానే అనుమానం వచ్చి, “గోంగూరే కదోయ్?” అని అడుగుతారు. నవ్వంతా ఆ ప్రశ్నకు వస్తుంది. ఆ ప్రశ్న రావడానికి కారణం అంతకుముందు ఆరేడుసార్లు వినిపించిన ఊఁ.

ఇంటికి వచ్చి ఫైలు విన్నాము. ఊఁలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయన ఒక్కరే మూడు నిమిషాలు ఖాళీ గదికి ఉపన్యాసం ఇస్తున్నట్లుగా ఉండి, కారణం లేకుండా హఠాత్తుగా తన గోంగూరను తానే అనుమానించారు.

కారణం నాయిస్ గేట్. మైకు దారిలో పెట్టిన తలుపు వంటిది ఇది. మనం నిర్ణయించిన మట్టానికి మించి శబ్దం వస్తే తెరుచుకుంటుంది, తగ్గగానే మూసుకుంటుంది. ఏసీ రొద, కుర్చీ కిర్రుమనడం, ఒకరి మాట రెండోవారి మైకులోకి పారడం వంటివి లోపలికి రాకుండా ఆపడం దాని పని. మాట్లాడే మనిషి మాట్లాడుతుంటే వినే మనిషి మౌనంగా ఉంటాడన్న నమ్మకంతో దాన్ని పెడతారు. నా ఊఁ ఆ తలుపు తట్టేంత గట్టిది కాదు. కొన్నిచోట్ల తలుపు తెరుచుకునేసరికే ఊఁ అయిపోయి, చివరి అరసున్న మాత్రం ముక్కు ఎగబీల్చినట్లు మిగిలింది. కెమెరాలదీ ఇదే తీరు. మూడింటిలో రెండు కెమెరాలు మా ఇద్దరి మీద విడివిడిగా, మూడోది ఇద్దరినీ కలిపి చూపేటట్లు ఉంటాయి. ఎవరి మైకులో స్వరం పలికితే వారి కెమెరాకు చిత్రం దానంతటదే మారుతుంది. నా మైకు మూగబోయింది గనుక నా ముఖమూ కనిపించలేదు. అంటే ఆ మూడు నిమిషాలూ నేను లేను.

మన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు, వారిలో ఒకరు హాస్య వంత. కథకుడు వీరరసంలో ఊగిపోతున్నప్పుడు మధ్యలో ఒక అమాయకపు ప్రశ్న వేసి జనాన్ని నవ్వించడం ఆయన బాధ్యత. ఆ హాస్య వంత నోటికి గుడ్డ కట్టి కథ చెప్పించమంటే ఎవరైనా ఒప్పుకుంటారా? దంపతుల హాస్యం కూడా ఇంచుమించు ఇదే చట్రంలో నడుస్తుంది, ఎక్కడైనా సరే. అమెరికాలో నార్త్ కెరొలినా రాష్ట్రంలోని రాలీ నగరంలో పెన్, కిమ్ హోల్డర్‌నెస్ అనే దంపతులున్నారు. ఇద్దరూ టీవీ వార్తారంగం నుంచి వచ్చినవారే. 2013 డిసెంబరులో పిల్లలతో సహా క్రిస్మస్ పైజామాలు వేసుకుని ఆడిపాడిన వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ఆయన టీవీ ఉద్యోగం వదులుతున్న సంగతి కూడా ఆ పాటలోనే చెప్పుకున్నారు. తరువాత అదే వృత్తిగా పాటల పేరడీలు, చిన్న నాటికలు, పాడ్‌కాస్టు చేస్తూ వచ్చి, 2022లో ముగిసిన ‘ది అమేజింగ్ రేస్’ అనే టీవీ పోటీ 33వ సీజనులో విజేతలు కూడా అయ్యారు. వారి సంభాషణలు నేను పనిగట్టుకుని వింటాను. ఆయన ఉత్సాహంలో కొట్టుకుపోతుంటే ఆమె గొంతు పక్కనుంచి అడ్డం వస్తుంది, ఒకరి మాట మీద ఇంకొకరి నవ్వు పడుతుంది. ఆ అతివ్యాప్తిని శుభ్రం చేస్తే మిగిలేది ఇద్దరు మర్యాదస్తులైన అపరిచితులు.

ఫోను చేసి జరిగింది చెప్పాను. నిర్వాహకుడు మొదట, “మేడమ్, అందరికీ ఇదే సెట్టింగు పెడతామండీ, ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు” అన్నారు. ఫైలు పంపి వినమన్నాను. అరగంటలో తిరిగి ఫోను చేసి పొరపాటు తమదేనన్నారు. గేటుకు ముందున్న ముడి స్వరాన్ని విడిగా భద్రపరచే సదుపాయం వారి రికార్డరులో ఉన్నదట. ఆ రోజు అది ఆన్ చేయలేదు. కాబట్టి పోయిన ఊఁలు పోయినట్లే. అయితే హెడ్‌ఫోన్ల కుర్రాడు ఒక మంచి పని చేశాడు. ఇద్దరినీ కలిపి చూపే కెమెరా కార్డును ఇంకా చెరపకుండా ఉంచి, దాని సొంత మైకులో పడిన శబ్దాన్ని తీసి, అదనపు రుసుము అడగకుండా పంపాడు. ఆ ముక్కలను అతికించాము. ఊఁలు వినిపించాయిగానీ గది మూలనుంచి వచ్చినట్లు ఉన్నాయి. “వదిన బావిలోంచి మాట్లాడుతున్నారా అన్నా?” అని ఒక ప్రేక్షకుడు అడిగాడు. దాని మీద మా వారు ఇంకొక వీడియో తీశారు, అది ఈ ఎపిసోడు కంటే ఎక్కువమంది చూశారు. ఆ ఆదాయాన్ని స్టూడియో ఖాతాలో జమ కట్టాలా వద్దా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

రెండోసారి ఒక గంట అద్దె తగ్గించి పిలిచారు, వెళ్ళాము. ఈసారి గేటు తీయించాము. ఏసీని రికార్డింగుకు పది నిమిషాల ముందు బాగా చల్లగా పెట్టి, తరువాత ఫ్యాను వేగం తగ్గించుకున్నాము. కెమెరాలు వాటంతటవే మారే ఏర్పాటును ఆపించి, మూడు కెమెరాల ఫైళ్ళనూ విడివిడిగా అడిగాము. మొదట్లో ఇద్దరమూ కలిసి గట్టిగా ఒక చప్పట్లు కొట్టాము. స్వరాన్ని, చిత్రాన్ని తరువాత జోడించుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన ఉపాయం నేను చూడలేదు. ఫలితం చాలా బాగున్నది. నా ఊఁ పక్కన ఆయన ఉలికిపాటు ఒకే ఫ్రేములో కనిపించింది. మా వారి గొంతులోని డబ్బాతనం మాత్రం అలాగే ఉన్నది, అది గోడల పాపం.

మూడు కెమెరాల ఫైళ్ళు విడిగా తీసుకునేవారికి ఒక హెచ్చరిక. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో రికార్డు చేసే కెమెరా గంటకు 45 గిగాబైట్లు నింపుతుంది. మూడు కలిపి 135. సెకనుకు 30 మెగాబైట్ల వేగంతో రాసే మామూలు పెన్‌డ్రైవు పట్టుకెళ్తే, అదంతా ఎక్కడానికి గంటంపావు పడుతుంది. ఆ గంటంపావూ మేము బయటి బెంచీ మీద కూర్చున్నాము. మంచి ఎస్ఎస్‌డీ తీసుకెళ్ళడం ఉత్తమం.

లైట్ల విషయంలో ఫిర్యాదు లేదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ది కాబట్టి ఇంట్లో ట్యూబులైటు కింద ఫోనుతో సెకనుకు 30 ఫ్రేముల వీడియో తీస్తే చారలు పాకుతుంటాయి. మా తొలి ఏడాది వీడియోలన్నీ ఆ చారలతోనే ఉన్నాయి. ఇక్కడ 25 ఫ్రేములకు, సెకనులో యాభయ్యో వంతు షట్టరుకు అన్నీ ముందే కుదిర్చి ఉంచారు, ముఖాలు కడిగినట్లు కనిపించాయి. బండి నిలుపుకోవడానికి చోటు తక్కువ, మెట్రోలో వెళ్ళడమే మేలు. టీ ఇస్తారు, తాగదగినదే. చీర కుచ్చిళ్ళు సరిచూసుకోవడానికి నిలువుటద్దం ఉన్న గది ఒకటి ఉన్నది. ఇటువంటి చోట్ల అది అరుదు కనుక ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

ఇంకొక మాట కూడా చెప్పి తీరాలి. రెండోసారి వెళ్ళినప్పుడు నిర్వాహకుడు, ఎపిసోడ్‌లో ఒక్కసారి స్టూడియో పేరు చెబితే మరో గంట ఉచితంగా ఇస్తామన్నారు. ప్రతిఫలం పుచ్చుకుని చెప్పే మాట ప్రకటన కిందకే వస్తుంది, దాన్ని ప్రకటన అని స్పష్టంగా చూపాలి. ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేది ఇదే. మేము వద్దన్నాము. తగ్గించిన ఒక గంట అద్దె మొదటిసారి నష్టానికి పరిహారం, అంతే.

ఒక అతిథిని పిలిచి ప్రశ్నలు వేసే కార్యక్రమమైతే ఈ స్టూడియోకు కళ్ళు మూసుకుని వెళ్ళవచ్చు. భార్యాభర్తలు, అన్నదమ్ములు, స్నేహితులు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకునే కార్యక్రమమైతే, బుక్ చేసే రోజే గేటు వద్దని, ముడి స్వరాలు విడిగా కావాలని, ఇద్దరినీ చూపే కెమెరా ఆగకుండా నడవాలని చెప్పి, అది వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపించుకోండి. అయిదు నక్షత్రాలకు మొదటి పూటకు రెండు, రెండో పూటకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి నురుగు పలకలకు.

వచ్చే నెల రెండో మంగళవారం ఉదయం తొమ్మిదింటికి మళ్ళీ బుక్ చేసుకున్నాము. ఈసారి కాలరు మైకుతో ఇంకోసారి ప్రయత్నించాలని మా వారి పట్టుదల. నల్లపూసలు ఇంట్లోనే తీసిపెట్టి రమ్మని ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు, వాళ్ళ అమ్మగారు పక్కగదిలో లేని సమయం చూసి.